గ్రూపులో చదివింది డాక్టరుకు చెప్పాలా, చెప్పకూడదా?

నకిరేకల్_కోడలు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అత్తమ్మకు కీళ్లవాతం. మొదట్లో ఊళ్లో అందరూ ఫ్లోరైడ్ నొప్పులే అన్నారు, మేమూ నమ్మాం. మర్రిగూడ, మునుగోడు దిక్కు చుట్టాలున్న ఇంట్లో ఏ నొప్పి వచ్చినా మాట ముందు ఫ్లోరైడ్ మీదికే పోతుంది. పొద్దున లేవగానే చేతివేళ్లు గంటకు పైగా బిగుసుకుపోతున్నాయని, రెండు చేతుల్లోనూ ఒకేలా వాపు ఉందని ఫేస్‌బుక్‌లో కీళ్ల జబ్బులవాళ్ల గ్రూపులో రాశాను. ఇది వేరే జబ్బు కావచ్చు, కీళ్ల స్పెషలిస్టుకు చూపించండని చెప్పింది ఆ గ్రూపువాళ్లే. హైదరాబాద్‌లో చూపిస్తే పరీక్షల్లో కీళ్లవాతమని తేలింది. ఇప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతోంది. చాలా నయం, తన జడ తనే వేసుకుంటోంది.

కాకపోతే గోలీ వేసుకున్న మర్నాడంతా వాంతులు, అన్నం సయించదు. ఇదే మందు సూది రూపంలో తీసుకుంటే కడుపుకు తేలిక అని గ్రూపులో కొందరు రాశారు. మొన్న ఓపీలో "సార్, ఇది సూదిగా కూడా ఉంటుందట కదా" అన్నాను. ఎవరు చెప్పారని అడిగారు. గ్రూపులో చదివానన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అయితే చీటీ కూడా వాళ్లతోనే రాయించుకోండి" అన్నారు. అత్తమ్మ బయటికి వచ్చాక ఏడ్చింది. "ఇగ నువ్వు అక్కడ ఫోన్ తియ్యకు బిడ్డా, ఆయన మనల్ని చూడనంటే నా చేతులేం కావాలె" అంటోంది.

డాక్టరు మంచివారే, వైద్యం మంచిదే. మార్చాలని మాకు లేదు. మీరంతా ఇలాంటి గ్రూపుల్లో చదివింది మీ డాక్టర్లకు చెప్తున్నారా? చెప్తే ఎలా చెప్తున్నారు?

డిండి_వాగు | ఆదివారం, రాత్రి 9:40

చెల్లెమ్మా, గ్రూపు పేరు ఎత్తకు. వాంతులు అవుతున్నాయి, తట్టుకోలేకపోతోంది, వేరే దారి ఏమన్నా ఉందా సార్ అని అడుగు. సూది సంగతి ఆయనే చెప్తారు. ఆయన మాట ఆయనకు దక్కుతుంది, మీ పని మీకు అవుతుంది. నేను మా బాపు షుగర్‌కు ఇట్లనే నెట్టుకొస్తున్నా.

మిర్యాలగూడ_టీచరమ్మ | ఆదివారం, రాత్రి 10:25

డిండి_వాగు అన్నా, మీరు చెప్పింది ఆ ఒక్క రోజుకు పనికొస్తుంది. దాచడం అలవాటైతే ఎక్కడిదాకా పోతుందో మా స్కూల్లోనే చూశాను.

మాతోటి టీచర్ భర్తకు షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. ఒక వాట్సాప్ గ్రూపులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష లెక్క) తగ్గించే పొడి అని ఒకాయన అమ్ముతున్నాడు. వాడినవాళ్ల రిపోర్టులంటూ ఫొటోలు పెడతాడు. వీళ్లు తెప్పించుకున్నారు. దాంతోపాటు రోజూ కొబ్బరి నీళ్లు, అరటిపండు తీసుకొమ్మన్నాడు. కిడ్నీ పనిచేయని మనిషికి అవి రెండూ పొటాషియం పెంచేవే. డాక్టరు ప్రతిసారీ రిపోర్టు చూసి "పొటాషియం ఎందుకు పెరుగుతోంది, ఏమన్నా కొత్తగా తీసుకుంటున్నారా" అని అడిగారట. తిడతారని లేదు లేదు అన్నారు. ఆయన మందులు మార్చి మార్చి చూశారు. ఆఖరికి గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చి ఒక రాత్రి ఐసీయూలో చేర్చారు. బతికి బయటపడ్డారు.

ఆ పొడి అమ్మినవాడిది తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ రోగి నోరు విప్పితే మొదటి నెలలోనే ఆగిపోయేది. ఆ డాక్టరు అంతకుముందు ఎప్పుడో "గూగుల్ చూసి నా దగ్గరికి రావద్దు" అన్నారట. ఆ ఒక్క మాటకు భయపడి ఆ ఇంటివాళ్లు అడిగినా చెప్పలేదు. దాని సంగతి డాక్టర్లు కూడా ఆలోచించాలి.

జనరల్_మెడిసిన్_పీజీ | ఆదివారం, రాత్రి 11:50

నేను సర్కారు దవాఖానలో పీజీ చేస్తున్నాను. పాలమూరు బిడ్డనే. ఇటువైపు నుంచి కూడా ఒక మాట.

2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో 67 దేశాల లెక్కలు కలిపి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. ప్రాథమిక వైద్యంలో ఒక రోగికి డాక్టరు ఇస్తున్న సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. మన దేశం 2 నిమిషాల దగ్గర ఉంది. ఆ రెండు నిమిషాల్లో ఫోన్ తీసి పది స్క్రీన్‌షాట్లు చూపిస్తే, బయట లైన్‌లో నిలబడ్డ ముసలామె ముఖమే నా కళ్లముందు ఉంటుంది. విసుగు వస్తుంది. అలాగని "వాళ్లతోనే రాయించుకోండి" అనడం సరికాదు. ఆ మాటకు నేను సమర్థన వెతకను.

నకిరేకల్ అక్కా, మీరు అడిగింది సరైన ప్రశ్న. మెథోట్రెక్సేట్ గోలీ కడుపుకు పడనప్పుడు చర్మం కింద ఇచ్చే సూదికి మార్చడం మామూలుగా చేసేదే. ఫోలిక్ యాసిడ్ ఎలా ఇస్తున్నారో కూడా చూసుకోవాలి. ముందు బాధ చెప్పండి: ఏ రోజు గోలీ వేసుకుంటోంది, ఎన్ని గంటలకు వాంతి, ఎన్నిసార్లు, ఎంత బరువు తగ్గింది. అది కాగితం మీద నాలుగు ముక్కల్లో రాసుకుని వెళ్లండి. తర్వాత "సూదికి మార్చవచ్చని చదివాను, అత్తమ్మకు పనికొస్తుందా" అని అడగండి. చదివానని చెప్పడానికి భయం వద్దు. ముందు గ్రూపు, తర్వాత బాధ చెప్తే మాకు వినబడేది గ్రూపు ఒక్కటే.

అమెరికాలో డేవ్ డిబ్రాంకర్ట్ అనే ఆయనకు 2007లో కిడ్నీ క్యాన్సర్ బయటపడింది, అప్పటికే ఒంట్లో పాకింది. ఫలానా ఆన్‌లైన్ రోగుల సమూహంలో చేరండని ఆయన సొంత డాక్టరు డానీ శాండ్స్ స్వయంగా చెప్పారు. అక్కడివాళ్లు ఇంటర్‌ల్యూకిన్-2 అనే మందు గురించీ, దాని దుష్ఫలితాలను ఎలా తట్టుకోవాలో చెప్పారు. ఆయన బతికారు. తర్వాత ఆ డాక్టరు, ఈ రోగి కలిసి ఇదే విషయం మీద దేశదేశాల్లో మాట్లాడారు. పంపింది డాక్టరే, వచ్చి చెప్పిందీ డాక్టరుకే. నేను ప్రాక్టీస్ పెట్టాక అలా ఉండాలని నా కోరిక.

జడ్చర్ల_నాన్న | సోమవారం, ఉదయం 6:35

మా పాపకు టైప్ 1 షుగర్. రోజూ ఇన్సులిన్. ఇది తెలిసిన కొత్తలో మా ఊరి ఆర్‌ఎంపీ నుంచి మేనత్త దాకా అందరూ "పెద్దయితే పోతుంది, సూదులు అలవాటు చేయకు" అన్నారు. పోదని, ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పని మా మనసుకు ఎక్కించింది ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల గ్రూపే. డాక్టరమ్మ చెప్పలేదని కాదు, చెప్పారు. కానీ ఇరవై ఏళ్ల కింద ఇదే జబ్బుతో మొదలై ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి గ్రూపులో మాట్లాడితే నా భార్య ఆ రాత్రి మొదటిసారి నిద్రపోయింది. ఆ ధైర్యం ఏ డాక్టరూ చీటీ మీద రాసివ్వలేరు.

దాని వెంట ప్రమాదాలూ ఉన్నాయి, ఇంగ్లిష్ గ్రూపులు చూసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, కొలతలు. బ్రిటన్ వాళ్లు షుగర్‌ను వేరే లెక్కలో రాస్తారు. వాళ్ల సంఖ్యను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. వాళ్లు 15 అంటే మనకు 270. వాళ్లు 7 అంటే మనకు 126. ఇది తెలియని ఒక తండ్రి "వాళ్ల పిల్లలకు 8 ఉంటోంది, మన పిల్లకు 140 ఏంటి" అని గాబరాపడి మోతాదు పెంచబోయాడు. గ్రూపులో ఎవరో చూసి ఆపారు.

రెండోది సిరంజి, ఇది ఇంకా పెద్దది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. 100కు నారింజ మూత సిరంజి వేరే ఉంటుంది. బయటి దేశాల గ్రూపుల్లో అందరూ 100 సిరంజే చూపిస్తారు. అది చూసి తెచ్చుకుని మన 40 సీసాలోంచి 10 గీత దాకా లాగితే లోపలికి పోయేది 4 యూనిట్లే. తిప్పి చేస్తే, అంటే 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో లాగితే, రెండున్నర రెట్లు పోతుంది, షుగర్ పడిపోయి పిల్ల స్పృహ తప్పుతుంది.

నేను చేసేది: గ్రూపులో ఏం చదివినా ఒక నోటుబుక్కులో రాస్తాను. డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు ఆ పేజీ ఇస్తాను. ఆమె కొన్నిటి మీద టిక్కు, కొన్నిటి మీద అడ్డగీత పెడతారు. అడ్డగీత పెట్టినవి ఎందుకో కూడా చెప్తారు. అందుకే మాకు ఆమె మీద నమ్మకం పెరిగింది.

భీవండి_నల్లగొండ | సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను ఇక్కడ పవర్‌లూమ్‌లో ఉంటాను. అమ్మ చండూరు దగ్గర ఊళ్లో ఉంటుంది. ఆమెకు చదువు రాదు. డాక్టరు ఏం చెప్పారంటే "మంచిగనే ఉన్నవ్ అన్నడు" అంటుంది. రిపోర్టు ఫొటో పంపిస్తే గ్రూపులోవాళ్లే చదివి చెప్తున్నారు. దూరంగా ఉన్నవాళ్లం డాక్టరుతో ఎలా మాట్లాడాలి? మాకు గ్రూపు కాక ఇంకేం ఉంది?

జనరల్_మెడిసిన్_పీజీ | సోమవారం, మధ్యాహ్నం 2:40

అన్నా, ఫోన్లో వైద్యానికి 2020 మార్చి 25న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. రిజిస్టరైన డాక్టరు ఫోన్, వీడియో, వాట్సాప్ మీద కూడా సలహా ఇవ్వవచ్చు, ఇవ్వాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. అమ్మ ఓపీలో ఉన్నప్పుడే వీడియోకాల్ చేయించి "సార్, కొడుకును, రెండు మాటలు" అనండి. చాలామంది కాదనరు. ఈ-సంజీవని ద్వారా సర్కారు డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు. గ్రూపువాళ్లు రిపోర్టు చదవగలరు. అమ్మ కాళ్ల వాపు నొక్కి చూడలేరు.

అచ్చంపేట_మెడికల్‌షాపు | సోమవారం, రాత్రి 8:05

కౌంటర్ మీద మాకు కనిపించేది చెప్తాను. చీటీ బదులు స్క్రీన్‌షాట్ తెచ్చి "ఇది ఇవ్వన్నా" అనేవాళ్లు పెరిగారు. మోకాళ్ల నొప్పులకు స్టెరాయిడ్ గోలీలు అడుగుతారు. మేం ఇవ్వకపోతే పక్క సందులో దొరుకుతాయి.

పై పోస్టులో మెథోట్రెక్సేట్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణాలు పోతాయి. చీటీలో పొట్టి అక్షరాల్లో రాసింది ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. నేను డబ్బా మీద "సోమవారం మాత్రమే" అని తెలుగులో పెద్దగా రాసిస్తాను. గ్రూపుల్లో ఈ ఒక్క మాట తిప్పి తిప్పి చెప్తున్నారు, అందుకు వాళ్లకు దండం. మధ్యమధ్య రక్తం, లివర్ పరీక్షలు చేయించమనీ గుర్తుచేస్తున్నారు.

కల్వకుర్తి_చెల్లె | సోమవారం, రాత్రి 9:30

నాకు థైరాయిడ్. మంచిగా కుదురుకున్న రిపోర్టు ఒక్కసారిగా తేడా వచ్చింది. డాక్టర్ మేడం మోతాదు తగ్గించబోయారు. జుట్టు రాలుతోందని బయోటిన్ గోలీలు వాడుతున్నాను, అవి రక్తపరీక్షను తప్పుదారి పట్టిస్తాయని గ్రూపులో ఒక అక్క రాసింది. ఆ సంగతి మేడంకు చెప్పాను. "మంచి పని చేశావు, నేను అడగడం మర్చిపోయాను" అన్నారు. కొన్నాళ్లు అవి ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే రిపోర్టు మామూలుగా వచ్చింది. అందరు డాక్టర్లూ కోప్పడరు.

పానగల్లు_పెద్దాయన | మంగళవారం, ఉదయం 7:00

నాకు ఈ చర్చంతా బాధగా ఉంది. మా కాలంలో డాక్టరు నాడి పట్టి చెప్తే అదే మాట. ఇప్పుడు ప్రతి ఇంట్లో పది మంది డాక్టర్లు. ఆయన పదేళ్లకు పైగా చదివి వచ్చాడు. ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియనివాడి మాట తెచ్చి ఆయన ముందు పెడితే ఆయనకు కష్టంగా ఉండదా? నమ్మకం లేని చోట వైద్యం ఫలించదు.

వనపర్తి_లెక్చరర్ | మంగళవారం, ఉదయం 11:20

పెద్దాయనా, మీ మాట మీద గౌరవంతోనే రాస్తున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. పెళ్లి సంబంధాలు చెడతాయని ఇంట్లో ఎవరికీ చెప్పనివ్వలేదు. డాక్టరు దగ్గరికి నాన్నతోనే వెళ్లేదాన్ని. నాన్న మాట్లాడేవారు, డాక్టరు నాన్నకే చెప్పేవారు. నాకు నోరు లేదు. నమ్మకం ఉంది, చాలా ఉంది. కానీ అక్కడ నేను లేను.

నేను వాడుతున్న వాల్‌ప్రోయేట్ మందు గర్భంలో బిడ్డకు హాని చేయవచ్చని, అవయవ లోపాలు, ఎదుగుదల సమస్యలు రావచ్చని నాకు తెలిసింది ఫిట్స్ ఉన్న ఆడవాళ్ల గ్రూపులో. పెళ్లి కుదిరిన సమయమది. ఆ గ్రూపులో అందరూ ఒక్కటే చెప్పారు: నీ అంతట నువ్వు ఆపకు, ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి, డాక్టరును అడుగు, పెళ్లికి ముందే అడుగు. ఎలా అడగాలో కూడా వాళ్లే నేర్పారు. "నాన్నా, ఈసారి నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్తాను" అన్నాను. డాక్టరు మొదట ఆశ్చర్యపోయారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు మాట్లాడారు. మందు నెమ్మదిగా మార్చారు, ఫోలిక్ యాసిడ్ ముందునుంచే మొదలుపెట్టారు. ఇప్పుడు నాకు బాబు.

ఆ డాక్టరుకూ నాకూ మధ్య అసలు సంబంధం ఆ రోజే మొదలైంది. మీరు చెప్పే నమ్మకం నాకూ కావాలి. అడిగే హక్కు ఉన్న నమ్మకం కావాలి.

స్టాఫ్‌నర్సు_సూర్యాపేట | మంగళవారం, సాయంత్రం 5:45

లెక్చరర్ మేడం, చదివి కళ్లు చెమర్చాయి.

నేను డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తాను. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు పక్కపక్క మంచాల మీద ఉంటారు కాబట్టి మా పేషెంట్లకు ఫోన్ లేకముందే గ్రూపు ఉంది. ఇప్పుడది వాట్సాప్‌లోకి వచ్చింది. కూరగాయలు కోసి నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం తగ్గుతుందని నేను వందసార్లు చెప్పినా చేయనివాళ్లు, పక్క మంచం ఆమె చెప్తే చేశారు. దాహం ఆపుకోలేక నీళ్లు ఎక్కువ తాగి ఆయాసంతో వచ్చే తాత, గ్రూపులో మనవడి వయసు పిల్లవాడు రోజూ "తాతా, ఈరోజు ఎన్ని గ్లాసులు" అని అడగడం మొదలుపెట్టాక అదుపులోకి వచ్చాడు.

అదే గ్రూపులో ఒకరు చనిపోతే ఆ వారం అందరి బీపీ పెరుగుతుంది. కొందరు సెషన్‌కే రారు. ఆ రోజుల్లో మా డాక్టరు వచ్చి మంచం మంచానికీ కూర్చుని, ఆయనకు ఏమైంది, మీకు ఎందుకు అలా కాదు అని చెప్తారు. అది గ్రూపు చేయలేదు.

జనరల్_మెడిసిన్_పీజీ | మంగళవారం, రాత్రి 10:15

నాకు వాడితే తగ్గింది, మీరూ వాడండి అనే మాటను ఎంతవరకు నమ్మాలో ఒక ఉదాహరణ చెప్తాను. ఏఎల్‌ఎస్ అని నరాలు, కండరాలు చచ్చుబడే జబ్బు ఉంది. 2008లో ఒక చిన్న ఇటాలియన్ అధ్యయనం లిథియం వాడితే అది నెమ్మదిస్తుందంది. 2004లో మొదలైన పేషెంట్స్‌లైక్‌మీ అనే వేదికలో రోగులు చాలామంది లిథియం మొదలుపెట్టి, తమ పరిస్థితిని వాళ్లే నమోదు చేస్తూ వచ్చారు. ఆ లెక్కలన్నీ, వాడని అలాంటి రోగుల లెక్కలతో పోల్చి 2011లో నేచర్ బయోటెక్నాలజీలో ప్రచురించారు. లిథియంతో ఉపయోగం లేదని తేలింది.

అంతమంది ఆశతో వాడిన మందు పనిచేయదని ఆ రోగుల లెక్కలే చెప్పాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో తగ్గినవాళ్లే గొంతెత్తుతారు. తగ్గనివాళ్లు మెల్లగా గ్రూపు వదిలి వెళ్లిపోతారు. వాళ్ల మాట మనకు చేరదు.

నకిరేకల్_కోడలు | శుక్రవారం, రాత్రి 8:50

అందరికీ దండాలు. నిన్న వెళ్లొచ్చాం. పీజీ తమ్ముడు చెప్పినట్టు కాగితం మీద రాసుకుపోయి ముందు బాధ చెప్పాను. సార్ మొత్తం చదివారు. బరువు చూశారు. రక్తపరీక్షలు రాశారు, అవి బాగుంటే సూదికి మారుద్దామన్నారు. చదివి తెలుసుకున్నానని మళ్లీ చెప్పాను, దాచలేదు. "చదవండి, కానీ నాకు చెప్పకుండా ఏదీ మార్చకండి" అన్నారు. మొన్నటి మాటకు ఏమీ అనలేదు. గ్రూపు అంటే ఆయనకు ఇంకా ఇష్టం లేదు, ముఖంలోనే తెలుస్తోంది. అత్తమ్మ మాత్రం ఈసారి తనే నోరు తెరిచి "సారూ, పొద్దుటిపూట వేళ్లు వంగుతున్నయ్" అని చేతులు చూపించింది.

నిర్వాహకులు | శుక్రవారం, రాత్రి 9:30

ఇక్కడ పెట్టే రిపోర్టుల మీద పేరు, ఫోన్ నంబరు, దవాఖాన నంబరు కొట్టివేసి పెట్టండి. ఈ వారంలోనే ఇద్దరు సభ్యులకు పొడులు, కషాయాలు అమ్మేవాళ్ల ఫోన్లు వచ్చాయి. టీబీ, హెచ్‌ఐవీ, ఫిట్స్ సంగతులు రాసేవారు ఊరి పేరు కూడా రాయకండి, మన దగ్గర ఊరు చెప్తే ఇల్లు తెలిసిపోతుంది. మందుల మోతాదు చెప్పే పోస్టులు తొలగిస్తాం.

కొల్లాపూర్_తమ్ముడు | శనివారం, ఉదయం 10:05

చర్చకు దగ్గరిదే కాబట్టి అడుగుతున్నా. మా నాయనకు రెండో డాక్టరు అభిప్రాయం తీసుకుందామనుకుంటున్నాం. గ్రూపులో అందరూ పాత కేస్‌షీట్ తీసుకుపొమ్మన్నారు. ప్రైవేటు దవాఖానవాళ్లు ఇవ్వమంటున్నారు. "మా మీద నమ్మకం లేదా" అంటున్నారు. మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాల్సి వస్తే ఎట్లా అని నాయన వద్దంటున్నాడు.

జనరల్_మెడిసిన్_పీజీ | శనివారం, ఉదయం 11:30

తమ్ముడూ, అడగడం మీ హక్కు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, రోగి గానీ అధీకృత వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. దవాఖానలో చేర్చుకున్న రోగుల రికార్డులు మూడేళ్లు దాచాలి కూడా. నోటిమాటగా కాకుండా దరఖాస్తు రాసివ్వండి. నాయనతోనే సంతకం పెట్టించండి. కోపంగా రాయొద్దు, "తదుపరి చికిత్స కోసం" అని రాస్తే చాలు.

కొల్లాపూర్_తమ్ముడు | శనివారం, ఉదయం 11:48

తెలుగులో రాయొచ్చా అన్నా?

స్టాఫ్‌నర్సు_సూర్యాపేట | శనివారం, మధ్యాహ్నం 12:10

తెలుగులోనే రాయి తమ్ముడూ. రెండు కాపీలు తీసుకుపో. ఒకటి మెడికల్ రికార్డుల సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, టైమ్ వేయించుకో. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపిస్తారు, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ సీడీ, ఆపరేషన్ నోట్స్ కూడా విడిగా పేర్లు రాసి అడుగు. జిరాక్సు ఖర్చు అడిగితే కట్టి రసీదు తీసుకో.